దేవుణ్ణి చుట్టి వచ్చిన కేబుల్

శ్యామ్‌సుందర్‌కు ఫిజిక్స్ వచ్చు. అతని కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

నాంపల్లి స్టేషన్ వెనుక సందులో ఎమ్మెస్సీ పాసైన మొదటి మనిషి అతనే. ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి సందులో చెడిపోయిన ప్రతి వస్తువూ అతని గుమ్మం తొక్కింది. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, ఒకసారి ఎవరో పెద్దాయన కట్టుడుపళ్ల సెట్టు కూడా. అతను వాటిలో ఒక్కటీ బాగుచేసిన పాపాన పోలేదు. అది ఎందుకు చెడిపోయిందో మాత్రం అరగంటసేపు వివరించేవాడు. వచ్చినవాళ్లు సగం వినేసరికి వస్తువును చంకన పెట్టుకుని, తలాడిస్తూ, మెల్లగా వెనక్కి నడుస్తూ మెట్లు దిగేవాళ్లు. వాళ్ల ముఖాల్లో కనిపించేది భక్తి అని అతను చాలా ఏళ్లు నమ్మాడు.

ఇప్పుడతనికి ముప్పై నాలుగు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. ప్రాక్టికల్ పరీక్షల రోజున నోటు పుస్తకం తెరిచి, ఎర్రపెన్ను మూత తీసి, ఎదురుగా నిలబడ్డ విద్యార్థి ముఖంలోకి చూస్తాడు. అంతే, ఆ కుర్రవాడికి సూత్రాల మాట అటుంచి సొంత పేరు కూడా గొంతు దాటదు. శ్యామ్‌సుందర్ మంచివాడే. ఎవరినీ ఫెయిల్ చేయడు. కానీ ఎదుటివాళ్లు జవాబు చెప్పేదాకా కళ్లార్పకుండా చూస్తూ కూర్చునే అలవాటు ఒకటుంది. ఆ ఒక్క అలవాటు అతని మంచితనాన్నంతా మింగేసింది.

ఇంత చదివిన మనిషి టీవీకి పెట్టే ఒక వైరు కొనలేక మూడు వారాలుగా అబిడ్స్ చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడంటే సందులో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. ఆశ్చర్యపోయింది ఇంట్లోవాళ్లే.

టీవీ మామగారు రామచంద్రమూర్తి గారిది. ఆయన తండ్రి ఎప్పుడో గుంటూరు నుంచి సర్కారు ఉద్యోగం వెంట హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అది జరిగి దాదాపు డెబ్బై ఏళ్లు. అయినా వాళ్లింట్లో ‘ఇక్కడివాళ్లు’ అంటే శ్యామ్‌సుందర్ వాళ్లు, శ్యామ్‌సుందర్ వాళ్లింట్లో ‘అక్కడివాళ్లు’ అంటే వాళ్లు. రెండు ఇళ్ల మధ్య దూరం మెట్రోలో పద్దెనిమిది నిమిషాలు. మామగారు ఈ మధ్య గోడంత కొత్త టీవీ కొనుక్కుని, తన పాత నలభైమూడు అంగుళాల టీవీని కూతురికి ప్రేమగా పంపించాడు. ప్రేమతోపాటు కేబుల్ పంపడం మరిచిపోయాడు.

ఇంటి ఓనరు దాన్ని గోడకు బిగించడానికి నాలుగు మేకులు కొట్టనిచ్చి, ఏదో రాజ్యం రాసిచ్చినట్టు మెట్ల మీద నిలబడి చూశాడు. ఇంకో కన్నం అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. డాబా మీది డిష్ నుంచి వచ్చే వైరు ఎదురుగోడ కిటికీలోంచి దిగుతుంది. కాబట్టి సెట్‌టాప్ బాక్స్ ఆ కిటికీ పక్కన ఫ్రిజ్ మీదే ఉండాలి. పాప చేతికి అందకుండా ఉండే చోటు కూడా అదే. ఫ్రిజ్ మీది బాక్స్ నుంచి గోడ మీది టీవీకి ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి. పాత డబ్బా టీవీ నాటి మూడు రంగుల వైర్లు దీనికి పట్టవు. ఇంట్లోవాళ్లు చూడాలనుకునేది టీవీ. వాళ్లకు మూడు వారాలుగా కనిపిస్తున్నది నల్లటి అద్దం. శ్యామ్‌సుందర్ తల్లి వసుమతి దాని ముందు నిలబడి జడ వేసుకుంటోంది.

మొదటి ఆదివారం అతను అబిడ్స్ నుంచి ఉత్తచేతులతో వచ్చి, కేబుల్ చివర బంగారుపూత పూయడం ఎంత మోసమో చెప్పాడు. రెండో ఆదివారం ఉత్తచేతులతో వచ్చి, పెట్టె మీద రాసే వెర్షన్ నంబరుకూ లోపలి తీగ సామర్థ్యానికీ సంబంధం లేదని చెప్పాడు. మూడో ఆదివారం రాగి గురించి చెప్పాడు. అది మధ్యలో ఆగిపోయింది, ఎందుకంటే అతని భార్య శ్రీనిధి లేచి వెళ్లి కుక్కర్ పెట్టింది.

“మూడు వారాల్లో నేను నలుగురికి ఇంటి లోన్లు ఇప్పించానండీ,” అంది ఆవిడ వంటింట్లోంచి. ఆవిడ బ్యాంకులో ఆ సెక్షన్‌లోనే క్లర్కు. “మీరు ఒక వైరు కొనలేకపోయారు. నాన్నగారు రోజూ ఫోన్ చేసి టీవీ ఎలా వస్తోందని అడుగుతున్నారు. చాలా ప్రశాంతంగా వస్తోందని చెబుతున్నాను.”

అసలు సంగతి ఏమిటంటే, ఏ కేబుల్ కొనాలో శ్యామ్‌సుందర్‌కు మొదటి రోజు మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. వాళ్ల బాక్స్ ఇచ్చేది మామూలు హెచ్‌డీ బొమ్మ. దానికి ఒక మాదిరి దుకాణంలో దొరికే ఏ కేబులైనా సరిపోతుంది. డిజిటల్ సిగ్నల్‌కు మొహమాటాలు లేవు, వస్తే వస్తుంది, రాకపోతే రాదు. ఈ ముక్క అతను క్లాసులో ఏటా చెబుతాడు. కానీ ఇంట్లో చెప్పలేదు. ఆ టీవీ వెలగడం అతనికి ఇష్టం లేదు.

అతని కూతురు ప్రణవికి పదిహేడు నెలలు. ఇంతవరకు ఒక్క మాట అనలేదు. ‘అమ్మ’ లేదు, ‘నాన్న’ లేదు, ‘అత్త’ అన్నా సంతోషించేవాడే, అదీ లేదు. నవ్వుతుంది, వేలు చూపిస్తుంది, కావలసినదాని దగ్గరికి చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది, వద్దనుకున్నదాన్ని విసిరికొడుతుంది. మాట మాత్రం లేదు. పిల్లల డాక్టరు చెవులు పరీక్షించి, బొమ్మలు చూపించి, “బాగానే వింటోంది, అన్నీ అర్థం చేసుకుంటోంది. ఇంకో మూడు నెలలు చూద్దాం. ఈలోగా టీవీ, ఫోన్ చూపించకండి,” అన్నాడు. శ్యామ్‌సుందర్ చెవికి ఎక్కింది చివరి వాక్యమే. దాన్ని నోటు పుస్తకంలో రాసి మూడుసార్లు గీత గీశాడు. ఇంటికొచ్చి అంతా బాగానే ఉందన్నాడని మాత్రం చెప్పాడు.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే తల్లి గుళ్లన్నిటికీ మొక్కుకుంటుంది, శ్రీనిధి వాళ్లమ్మకు చెబుతుంది, వాళ్లమ్మ నాగవల్లి గారు “ఇక్కడి గాలే అంత” అంటుంది. ఇంకో కారణం కూడా ఉంది, ఫిజిక్స్ చదివినవాడు పైకి చెప్పుకోలేనిది. ఆ భయాన్ని నోటితో అంటే నిజమవుతుందేమోనని అతని అనుమానం. అందుకే కేబుల్ వెనకాల దాక్కున్నాడు. స్టాఫ్ రూములో పిల్లల మాటల మీద పరిశోధన వ్యాసాలు చదివేవాడు. వాటిలో ఎంతమంది పిల్లల్ని చూశారో లెక్క సరిపోలేదని ఒక దాన్ని కొట్టిపారేసేవాడు, ఇంకో దానికి బెంబేలెత్తేవాడు. ఇంటికొచ్చి ప్రణవి ఎదురుగా చాప మీద కూర్చుని బొమ్మల కార్డులు పరిచి, నోటు పుస్తకం తెరిచి, ఎర్రపెన్ను మూత తీసేవాడు. ఆ పిల్ల అచ్చం ఇంటర్ విద్యార్థిలాగా ఫ్యాను వైపు చూసేది.

పుస్తకంలో ఇలా ఉండేది: ‘నాలుగో తేదీ. బ అంది. బంతి? బల్లి? బకెట్? నిర్ధారణ కాలేదు.’

వచ్చే ఆదివారం మామగారూ అత్తగారూ భోజనానికి వస్తున్నారు, తమ టీవీని చూసిపోవడానికి. శ్యామ్‌సుందర్ క్యాలెండర్‌లో ఆ ఆదివారం వైపు చూడటమే మానేశాడు. నాగవల్లి గారు వచ్చీరాగానే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏం అడుగుతుందో అతనికి తెలుసు.

మంగళవారం కాలేజీ నుంచి నేరుగా అబిడ్స్ వెళ్లాడు.

బాలమల్లు దుకాణం జీపీవో ఎదుటి సందుల్లో ఒకదానిలో ఉంది. బీరువా తలుపులు తీసినంత వెడల్పు. లోపలంతా కేబుళ్లు వేలాడుతుంటాయి. వాటిని జడల్లా పక్కకు తప్పించుకుంటే గానీ బాలమల్లు కనిపించడు. యాభై అయిదేళ్ల మనిషి, కళ్లజోడుకు నల్లతాడు, ఒకప్పుడు క్యాసెట్లు అమ్మినవాడు. అతని దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరు మీటర్లు చెప్పినా వినడు. ఇంట్లో వైరు ఏ దారిన పోవాలో ఆ దారిన ఒక తాడు పట్టుకుపోయి, మలుపు మలుపుకూ ముడి వేసి, ఆ తాడు తెమ్మంటాడు. జనం సుతిలి తాడో, పాత చీర అంచో, పైజామా నాడానో ముడులు వేసి పట్టుకొస్తారు. అతను దాన్ని బల్ల మీద పరిచి వేళ్లతో తడుముతూ వాళ్ల ఇంటి మూలలన్నీ చెప్పేస్తాడు. కొలిచిన తాడు వదిలేసి పోయినవాళ్లవి వెనుక మేకుకు తగిలించి ఉంటాయి. నగరంలోని ఇళ్లన్నీ అక్కడ ఉరేసుకున్నట్టు ఉంటుంది చూడటానికి.

“మళ్ల వచ్చిన్రా సార్?” అన్నాడు బాలమల్లు తలెత్తకుండానే. “గియ్యాల దేనికి వంక పెడ్తరు?”

“దీని లోపలి తీగ ఎంత మందం?”

“సార్, నేను కేబుల్ అమ్మెటోన్ని. కోసి సూసెటోన్ని గాదు. మీరు టీవీల సీరియల్ సూస్తరా, రాకెట్ ఎగరేస్తరా?”

శ్యామ్‌సుందర్ సంచిలోంచి గ్రాఫ్ కాగితం తీసి పరిచాడు. ఫ్రిజ్, కిటికీ, వంటింటి తలుపు, గోడ, టీవీ. అన్నిటికీ కొలతలు. కింద మొత్తం వేసి రెండు గీతలు. నాలుగు దశాంశం ఎనిమిది ఏడు మీటర్లు.

బాలమల్లు కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు. “గీ చివర ఏడు ఏంది సార్?”

“సెంటీమీటర్లు.”

“నాంపల్లిల మీ ఇంటి గోడలు గీ కాగితం లెక్క సక్కగున్నయా? నేను పుట్టిన కాడికెళ్లి సూస్తున్న, గాడ ఒక్క గోడ సక్కగ లేదు. గీ బొమ్మ నాకొద్దు. తాడు తేండ్రి.”

“తాడు కంటే ఇదే కచ్చితం.”

“కచ్చితమే. కానీ గీ కాగితంల ఇల్లు లేదు, లెక్క ఒక్కటే ఉన్నది. తాడు తెస్తేనే ఇగ ముచ్చట.”

శ్యామ్‌సుందర్ లోలోపల పొంగిపోయాడు. తాడు పేరు మీద ఇంకో వారం లాగవచ్చు. కాగితం మడుస్తుంటే బాలమల్లు గొంతు తగ్గించాడు.

“సార్, ఒక్కటడుగుత, ఏమనుకోవద్దు. మీకు నిజంగ కేబుల్ కావాల్నా, వద్దా?”

శ్యామ్‌సుందర్ కళ్లు పైన ఫ్యాను కోసం వెతికాయి. తన ముందు నిలబడ్డ విద్యార్థులకు ఎలా ఉంటుందో అప్పుడు కొంచెం తెలిసింది. “కావాలి,” అన్నాడు. “కానీ సరైనది కావాలి.”

“గట్లనే అంటరు. పెండ్లి వద్దనుకున్న పోరడు గూడ సరైన పిల్ల కావాలనే అంటడు.”

ఇంటికొచ్చి తాడు సంగతి చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. బియ్యం ఏరుతున్న వసుమతి చేట పక్కన పెట్టింది.

“గంతేనా? తాడే గదా? ఉండు, పూల దారం తెస్త.”

“వద్దమ్మా. నేను ఆదివారం కొలుస్తాను. పూల దారం సాగుతుంది. ఎంత లాగితే ఎంత సాగుతుందో చెప్పడానికి యంగ్ అనే ఆయన ఒక లెక్క చెప్పాడు...”

“గాయన్నే పిలువు. గాయనన్న వచ్చి టీవీ పెడ్తడేమో.” ఆమె మళ్లీ చేట అందుకుంది. “శ్యామూ, ఆదివారం మీ అత్తమామలు వస్తున్నరు. గాలోపల టీవీ రావాలె. టీవీల పిల్లల పాటలొస్తయట. పిల్ల జర మంచి మాటలు నేర్సుకుంటది.”

 అంటే తల్లి కూడా గమనించిందన్నమాట, పిల్లకు మాటలు రావడం లేదని. ఆమె ‘మంచి’ అనే మాటను కొంచెం ఒత్తి పలికిన సంగతి అతని చెవికి ఎక్కలేదు. కంగారులో ఉన్నవాడికి తన భయం తప్ప ఇంకేదీ వినపడదు.

“టీవీ చూస్తే పిల్లలకు మాటలు రావమ్మా. ఇంకా ఆలస్యమవుతుంది,” అన్నాడు గొంతు పెద్దది చేసి.

“ఎవలు చెప్పిన్రు? నువ్వు మూడేండ్లదాంక నోరు తెరువలే. అప్పుడు మనింట్ల టీవీ యాడిది? తెరిచినంక ఇంతవరకు మూయలే, గది వేరే సంగతి.”

అంతలో కిటికీ గ్రిల్ మీద ఒక పావురం వచ్చి వాలింది. చాప మీద ఉన్న ప్రణవి దానివైపు వేలు ఎత్తి, నోరు తెరిచి, “ల...” అంది. శ్యామ్‌సుందర్ గిరుక్కున తిరిగాడు. సరిగ్గా అప్పుడే వసుమతికి దగ్గు పట్టుకుంది. అలాంటి ఇలాంటి దగ్గు కాదు, చేటలో బియ్యం ఎగిరిపోయే దగ్గు. దగ్గుతూనే లేచి, పిల్లను చంకనేసుకుని, వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

అతను పుస్తకం తీసి రాశాడు: ‘ల అంది. పావురాన్ని చూసి. వెంటనే అమ్మకు దగ్గు. పరిశీలనకు అంతరాయం.’ ఈ వారంలో ఇలాంటి అంతరాయం ఇది నాలుగోది. తల్లిని ఛాతీ డాక్టరుకు చూపించాలని పక్కన రాసుకున్నాడు.

శనివారం కాలేజీ ఒక పూటే. రెండు గంటలకు ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం. వసుమతి ఫోన్ లోపల ఎక్కడో మోగుతోంది. ఆ ఫోన్‌ను ఆమె ఎప్పుడూ గూట్లోనే పెట్టి వెళుతుంది, బయటికి తీసుకెళితే పోతుందని. కింద దర్జీ వామన్‌రావు మిషన్ ఆపి తల బయటపెట్టాడు.

“అమ్మ ఆటోల అబిడ్స్ పోయింది సార్. పాపను గూడ తీస్కవోయింది. చేతిల దారం ఉండ ఉన్నది. నేనే ఆటో మాట్లాడిచ్చిన.”

శ్యామ్‌సుందర్ స్టేషన్ రోడ్డు మీద పరుగు లాంటి నడక నడిచాడు. అతని తలలో ఒకేసారి మూడు సినిమాలు ఆడుతున్నాయి. ఒకదాంట్లో ఆటో బోల్తా పడుతోంది. రెండోదాంట్లో పాప అబిడ్స్ జనంలో తప్పిపోయి, పోలీసు పేరు అడుగుతుంటే చెప్పలేక ఫ్యాను కోసం ఆకాశం వైపు చూస్తోంది. మూడోదాంట్లో ఎవరికీ ఏమీ కాలేదు, ఇంట్లో టీవీ మాత్రం వెలుగుతోంది. నిజం చెప్పాలంటే మూడింటికీ ఒకేలా చెమట పట్టింది. రోడ్డు దాటుతుంటే ఒక స్కూటరు అతన్ని రాసుకుంటూ పోయింది, నడిపేవాడు తిట్టిన తిట్టు చార్మినార్ దాకా వినపడి ఉంటుంది.

బాలమల్లు దుకాణం ముందు ఆగి, కేబుళ్ల తెర వెనుక ఊపిరి పీల్చుకున్నాడు. సందుల్లోంచి లోపల అంతా కనిపిస్తోంది. వసుమతి స్టూలు మీద కూర్చుంది. ప్రణవి గాజుబల్ల మీద కాళ్లు చాపుకుని, ఒక కేబుల్ చుట్టను రెండు చేతులా కావలించుకుని ఉంది. బాలమల్లు పసుపు అంటిన పూల దారాన్ని బల్ల మీద పరిచి ముడి ముడికీ ఆగుతున్నాడు.

“గీడ ఫ్రిజ్ దిగింది. గీడ తలుపు మీదికెక్కింది. మంచిగనే ఉన్నది.” అతని వేలు ఆగింది. “గిదేందమ్మా? సక్కగ పోయెటిది ఒక్కసారి కిందికి దిగి, గింత దూరం పోయి, మళ్ల పైకెక్కింది? దగ్గర దగ్గర మీటరున్నర ఎక్కువాయె.”

“గాడ దేవుని గూడున్నది తమ్మీ. దేవుని నెత్తి మీదికెళ్లి వైరు గుంజుతమా? కాళ్ల కిందికెళ్లి తిప్పిన.”

బాలమల్లు తల ఊపాడు. “అనుకున్న. సార్ తెచ్చిన కాగితంల దేవుడే లేడు.”

తెర వెనుక శ్యామ్‌సుందర్‌కు ముఖం వేడెక్కింది. చిన్నప్పటి నుంచి ఆ గూటి ముందు రోజూ దండం పెట్టుకుని పరీక్షలకూ ఉద్యోగానికీ వెళ్లినవాడు, గోడను కొలిచేటప్పుడు దాన్ని ఖాళీగోడ కింద రాసేశాడు. తన లెక్కతో కేబుల్ కొని ఉంటే, తల్లి దాన్ని ఊడబీకి దేవుడి చుట్టూ తిప్పమనేది, అది టీవీకి మీటరున్నర దూరంలో గాలిలో వేలాడేది.

“ఆరున్నర వచ్చిందమ్మా. ఏడున్నర మీటర్లది ఇస్త. మిగిలింది ఫ్రిజ్ ఎనుక సుట్టి పెట్టుకోండ్రి. రేపు దేవుడు పెద్ద గూడు అడిగినా సరిపోతది.”

ఇక ఆగలేక శ్యామ్‌సుందర్ కేబుళ్లను చీల్చుకుని లోపలికి వచ్చాడు. రెండు ప్లగ్గులు అతని చెవులకు వేలాడాయి.

“ఆగండి! ఏడు మీటర్లు దాటితే సిగ్నల్ బలహీనపడుతుంది!”

“మీ బాక్సుకు గంత సీన్ లేదు సార్,” అన్నాడు బాలమల్లు చాలా మర్యాదగా.

“అమ్మా, పాపను తీసుకుని ఇంత దూరం వస్తావా? చెప్పాపెట్టకుండా! ఈ కేబుల్ మనకు వద్దు. నేను వచ్చేవారం...”

ప్రణవి తల ఎత్తింది. తండ్రిని పైనుంచి కిందికి చూసింది. కేబుల్ చుట్టలోంచి కుడిచెయ్యి బయటికి తీసి, వేలు సరిగ్గా అతని ముఖం వైపు చాపి, ఏ తొట్రుపాటూ లేకుండా అంది:

“లఫూట్.”

 చివరి అక్షరం కూడా స్పష్టంగా, ‘ట్’ అని గోడకు తగిలి తిరిగొచ్చింది. వసుమతికి దగ్గు మొదలైంది, కానీ ఆలస్యమైంది.

“ఏమన్నది?” అన్నాడు శ్యామ్‌సుందర్. ఆ తిట్టుకు పనికిమాలినవాడని అర్థమని నాంపల్లిలో పెరిగిన అతనికి తెలియక కాదు. ఇంకోసారి వినాలని ఉంది.

వినేవాళ్లు దొరికినందుకు ప్రణవికి హుషారొచ్చింది. “లఫూట్,” అని బాలమల్లును చూపించింది. “లఫూట్,” అని కేబుల్‌ను చూపించింది. తర్వాత మళ్లీ తండ్రి దగ్గరికి వచ్చింది. అక్కడ రెండుసార్లు అంది.

బాలమల్లు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు, భుజాలు ఊగుతున్నాయి. “ముప్పై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న సార్. గిరాకీని గింత సక్కగ ఒక్క మాటల నేను ఎన్నడు చెప్పలే.”

వసుమతి కొంగుతో ముఖం కప్పుకుంది. “పది రోజులాయెరా,” అంది లోపలినుంచి. “గా పావురాలు గ్రిల్ మీద రెట్టలేస్తుంటే లఫూట్ పావురాలని తిట్టిన. పాలు పొంగితే తిట్టిన. గ్యాస్ పోరడు ఆలస్యమైతే తిట్టిన. నువ్వు రోజు ఉత్త చేతులతోని వస్తున్నవని, మీ నాయిన లఫూట్ బిడ్డా, గియ్యాల గూడ కేబుల్ తేడు సూడు అన్న. పట్టేసుకున్నది. నేనేం జేతు?”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఎట్ల చెప్పాలె? పిల్ల మాట్లాడిందిరా అంటే ఏం మాట్లాడిందని అడుగవా? రేపు మీ అత్త ముంగట, మీ మామ ముంగట గీ మాటంటే నా మొకం ఏడ పెట్టుకోవాలె? ఇక్కడోళ్లు పిల్లకు గిదే నేర్పిన్రు అనరా? అందుకే టీవీ టీవీ అని నీ ఎంటపడ్డ. నాలుగు మంచి మాటలు ఇంటే గిది మరుస్తదని.”

శ్యామ్‌సుందర్ అక్కడున్న అట్టపెట్టె మీద కూర్చున్నాడు. అది కొంచెం కుంగింది, బాలమల్లు ఏమీ అనలేదు. “నేను పిల్లకు మాటలే రావేమోనని...” అన్నాడు. ఆ వాక్యాన్ని ఇన్ని వారాల్లో మొదటిసారి నోటితో అనడం.  “అందుకే టీవీ వద్దని... కేబుల్ అంతా ఉత్తదే. ఏ కేబులైనా పని చేస్తుంది.”

“అట్లనా!” అన్నాడు బాలమల్లు. అతనికి ఇప్పుడు నిజంగా కోపమొచ్చింది.

వసుమతి కొంగు దించి కొడుకును చూసింది. “గింత ఫికర్ పెట్టుకున్నవా? నువ్వు కేబుల్ కోసం గట్లయిపోతున్నవనుకున్న కదరా.” ఆమె లేచి, పైటకొంగుతో అతని ముఖం మీది చెమట తుడిచి, అదే చేత్తో నెత్తి మీద ఒకటి ఇచ్చింది. “నీ ముంగట ఎట్లంటదిరా? ఎర్రపెన్ను పట్టుకొని ఎదురుంగ కూసుంటవు. కాలేజీ పోరగాండ్లే నోరు తెరువరు, గిదెట్ల తెరుస్తది?”

అతను పాపను బల్ల మీదినుంచి ఎత్తుకున్నాడు. ఆమె కేబుల్ వదల్లేదు. అందువల్ల రెండింటినీ కలిపే ఎత్తుకోవాల్సి వచ్చింది. బాలమల్లు పాప చేతుల్లోంచి తీసుకోకుండానే కేబుల్‌కు బిల్లు రాసి, దారాన్ని జాగ్రత్తగా చుట్టి వెనుక మేకుకు తగిలించాడు. “దేవుడున్న తాడు,” అన్నాడు. “గిది ఉంచుకుంట.”

ఆదివారం పొద్దున్నే శ్యామ్‌సుందర్ కేబుల్ బిగించాడు. ఫ్రిజ్ మీదినుంచి తలుపు మీదికి, అక్కడి నుంచి కిందికి దిగి, దేవుడి గూటి కింద ఒంగి దండం పెట్టినట్టుగా సాగి, మళ్లీ పైకి ఎక్కి టీవీలోకి. పెట్టీపెట్టగానే బొమ్మ వచ్చింది. ఒక్క చుక్క కూడా చెదరలేదు. ఈ ఇంట్లో అతని చేతి మీదుగా సరిగ్గా పని చేసిన మొదటి వస్తువు అది. దాన్ని చూసి అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది అతనే. శ్రీనిధి జరిగిందంతా విని, ముందు నవ్వి, తర్వాత వంటింట్లోకి వెళ్లి కాసేపు కళ్లు తుడుచుకుని వచ్చి, డాక్టరు మాట దాచినందుకు అతన్ని విడిగా తిట్టింది. పాప నిద్రపోయాకే టీవీ పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు. అందరికంటే ముందు ఒప్పుకున్న వసుమతి, పాప రోజుకు ఎన్నిసార్లు నిద్రపోతుందో వేళ్ల మీద లెక్కవేసుకుంది.

శ్యామ్‌సుందర్ నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. ఎర్రపెన్ను పక్కన పెట్టి పెన్సిలుతో రాశాడు: ‘మొదటి మాట: లఫూట్. ఎవరిని ఉద్దేశించి: నాన్నను. సందర్భం: సరిగ్గా సరిపోయింది.’

మధ్యాహ్నం అత్తమామలు వచ్చారు. రామచంద్రమూర్తి గారు చెప్పులు విడవకముందే తన టీవీ ఎలా ఉందో చూసుకున్నాడు. నాగవల్లి గారు పట్టుచీర సర్దుకుంటూ కూర్చుని, పాపను ఒళ్లోకి తీసుకుని, గడ్డం పట్టుకుని, శ్యామ్‌సుందర్ నెల రోజులుగా భయపడుతున్న ప్రశ్న అడిగేసింది.

“ఏమ్మా బంగారూ, ఇంకా మాటలు రాలేదా నీకు?”

వంటింటి గుమ్మంలో వసుమతి గరిటెతో నిలబడిపోయింది. అప్పుడే కిటికీ గ్రిల్ మీద ఒక పావురం వాలింది. ప్రణవి అమ్మమ్మ ఒళ్లోంచి వేలు ఎత్తింది, ముందు పావురం వైపు, తర్వాత నిదానంగా తాతగారి చేతిలోని రిమోట్ వైపు. నోరు తెరిచింది.

వసుమతికి దగ్గు పట్టుకుంది. ఇల్లు కదిలిపోయే దగ్గు.

శ్యామ్‌సుందర్ కుర్చీలోంచి లేచాడు.

“అమ్మా, దగ్గకు!” అన్నాడు. “పిల్ల మాట వినపడనియ్యి.”